కాల్వకు పై పక్క చెల్క

2022 ఎండాకాలం. కంగ్టి వైపు ఎత్తిపోతల కాల్వకు సర్వే చేస్తున్నాం. నారాయణఖేడ్‌లో గది తీసుకుని ఉండేవాణ్ణి. కాల్వ పోయే దారిని మేం అలైన్‌మెంట్ అంటాం. ఆ దారి వెంట గుర్తు రాళ్లు పాతించడం నా పని. ఎన్నో చేన్లలో పాతించాను, మరియమ్మ చేను మాత్రం మరువలేకపోతున్నాను.

మరియమ్మకు అరవై దాటి ఉంటాయి. వానను నమ్ముకుని కంది వేసుకునే చిన్న చెల్క, మధ్యలో సగం తవ్వి వదిలేసిన బాయి. మమ్మల్ని చూసి ఆమె సంబరంగా వచ్చింది.

"కాల్వ నా చేన్లకెల్లి పోతదా సారూ?"

"అవునమ్మా, బాయి మీదికెల్లే."

"పోనీ తియ్యి. గా బాయి తవ్వుకుంటనే మట్టి కూలి మా ఆయన సచ్చిపోయిండు. చుక్క పడలే. ఇగ నీళ్లే మా ఇంటికి నడిసొస్తున్నయి. పట్నంల కూలికి పోయిన కొడుకును రమ్మంట."

ఎత్తుపల్లాలు అప్పటికే కొలిచాం. ఆమెకు మిగిలేది కాల్వకు పై పక్క ముక్క. నీళ్లు పారేది కింది పక్కకే. ఆ పారే భూమిని కమాండ్ ఏరియా అంటాం, ఆమె ముక్క అందులో లేదు. చెప్పక తప్పలేదు.

"నా చేన్లకెల్లే పోయి, నాకు పారయా?"

"పారవమ్మా."

"మరి ఆయన పాణం పోయిన జాగ గూడ ఇయ్యాల్నా?"



కింది చేను శంకరప్పది. నీళ్లు పారేది ఆయనకే. మా మాటలు విని గట్టు దాటి వచ్చాడు.

"అక్కా, నా దాంట్ల ఒక మడి నువ్వేసుకో. కౌలు అడుగ."

"నీ దయ మీద ఎన్నేండ్లు బతుకుత తమ్మీ?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కాల్వ తవ్వే మిషన్ రాకముందే ఊరివాళ్లు బాయి గట్టు మీది రాళ్లు ఎత్తారు. మరియమ్మ భర్త తన చేతులతో తవ్వి తీసిన రాళ్లవి. శంకరప్ప ట్రాక్టరులో తీసుకుపోయి ఆయన సమాధి చుట్టూ పేర్చారు. పాస్టర్ ప్రార్థన చేస్తుంటే మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత ఏడాది అటు పోయాను. తవ్వకం అయింది, నీళ్లింకా రాలేదు. పై ముక్క విత్తేవాళ్లు లేక పడావు పడి ఉంది. మరియమ్మ కొడుకు దగ్గరికి పోయి, అక్కడే బిల్డింగుల కాడ ఇసుక మోస్తోందట.

"గీ మడి అక్క కోసమే ఇడిసిపెట్టిన సారూ," అన్నాడు శంకరప్ప. "ఎన్నిసార్లు పిలిచినా రానన్నది."

ఇప్పుడు ఏ ఊళ్లో సర్వే ఉన్నా ముందు పై పక్క వాళ్ల ఇళ్లకే పోతాను. నీళ్లు పారవని చెప్పినంత మాత్రాన దుఃఖం తగ్గదు. అయినా ఆ సంగతి వాళ్లు ఒక మనిషి నోట వినాలి, చేన్లో పాతిన రాయిని చూసి కాదు.