ఏ పుంజు ఏ దేవుడిది

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మనుషులకంటే కోళ్లే స్వేచ్ఛగా బతికేవి. మనుషులు సర్కారుకు భయపడాలి, కచేరీకి వేళకు పోవాలి, ఎదురింటి పెద్దమనిషి కనిపిస్తే సైకిలు దిగి సలాం చేయాలి. కోడికి గద్ద భయం ఒక్కటే. మిగతా వేళంతా ఎవరి పెరట్లో కావాలంటే వాళ్ల పెరట్లో గెలుక్కుంటూ, ఎవరి వాకిట్లో ధాన్యం ఆరబోస్తే వాళ్ల వాకిట్లో భోంచేస్తూ తిరిగేవి. ఇప్పుడు అక్కడ రోడ్డు దాటడానికే పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది గాని, అప్పుడు మా ఇంటి వెనక జొన్నచేను ఉండేది, దాని వెనక పక్కింటి వాళ్ల కాయగూరల తోట, ఆ పైన పంజాగుట్ట దాకా బండలూ సీతాఫలం పొదలూ. అంత జాగాలో కోళ్లను కాయడమనే మహత్తర ఉద్యోగం నాకు దొరికింది. దానికి నా యోగ్యత ఏమిటంటే, నేను మెట్రిక్ ఫేలయ్యాను.

ఫేలైన కొడుకును ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టడం మా నాయనకు కష్టంగా ఉండేదో లేదో తెలియదు గాని (ఆయన కచేరీ గుమాస్తా, ఏ సంగతీ తేల్చి చెప్పే అలవాటు లేదు), మా అమ్మకు మాత్రం నేను ఖాళీగా కనిపిస్తే చెయ్యి దురద పుట్టేది. "చదువు ఎట్లాగూ ఒంటబట్టలే, కోళ్లనన్న జూడు" అంది. చూడటమంటే చూస్తూ కూర్చోవడం అనుకుని ఒప్పుకున్నాను. తెల్లారకముందే గూడు తీయాలి, నూకలు చల్లాలి, గుడ్లు ఎక్కడెక్కడ పెట్టాయో పొదలన్నీ వెతకాలి. పిల్లలున్నప్పుడు మరీ అన్యాయం. పగిలిన కుండలో పేడా తడిగడ్డీ కుక్కి, పంజాగుట్ట బండల దగ్గర చెదపట్టిన నేల మీద బోర్లించి వస్తే, మర్నాటికి కుండనిండా చెదలు పట్టేవి. కోడిపిల్లలకు అంతకు మించిన విందు లేదు. ఆ కుండ ఎత్తుకుని నేను వస్తుంటే, పాసైపోయిన నా తోటివాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఖైరతాబాద్ వైపు సైకిళ్ల మీద పోతూ "ఏం భాయ్, నౌకరీ దొరికిందా" అని అడిగేవారు. నాకు లోపల మండిపోయేది. ఎప్పటికైనా కోళ్ల పెంపకం మీద ఉర్దూలో పుస్తకం రాసి వాళ్ల నోళ్లు మూయిస్తానని అనుకునేవాణ్ణి. చెదల అధ్యాయం దాకా ఆలోచించాను కూడా.

మా పక్కింటివాళ్లు కాయగూరలు పండించుకునే రైతులు. ఆ ఇంటావిడను నేను అత్త అనేవాణ్ణి. ఆమె, మా అమ్మ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. మేం ఆదివారం గుడికి పోయే క్రైస్తవులం, వాళ్లు పోచమ్మకు బోనం తీసే వాళ్లు. ఆ తేడా ఆదివారం పొద్దునా బోనాల నాడూ మాత్రమే గుర్తొచ్చేది. మిగతా రోజుల్లో ఇద్దరి మధ్యా నడుమెత్తు మట్టిగోడ, దాని మీద నుంచి చింతపండూ నిప్పూ ముచ్చట్లూ అటూ ఇటూ నడిచేవి. ఆ యేడు వాళ్ల పెట్ట పొదుగుకు వచ్చింది, మా ఇంట్లో గుడ్లున్నాయి. గుడ్లు మావి, పొదుగు వాళ్లది, కాపలా నాది, పిల్లలు చెరిసగం. ఇది అందరూ చేసుకునే పాలు ఒప్పందమే. పిల్లలు దిగిన కొద్దిరోజులకే అత్తవాళ్ల చిన్నబిడ్డకు అమ్మవారు పోసింది. పిల్ల బతికి లేస్తే పోచమ్మకు పుంజునిస్తానని అత్త మొక్కి, తన పాలుకు వచ్చిన కోడిపిల్లల్లో బలంగా ఉన్నదానికి ఎర్రదారం కట్టింది. అది చూసి మా అమ్మకూ ఆలోచన వచ్చింది. నేను ఈసారైనా మెట్రిక్ గట్టెక్కితే కోతపండుగ నాడు గుడిలో దేవుడికి పుంజునిస్తానని మొక్కి, మా పాలులో ఒకదాని కాలికి తెల్లగుడ్డ పీలిక కట్టింది. మిగతావాటిలో గద్ద ఎత్తుకుపోయినవి పోగా, పిల్లి తిన్నవి పోగా, తెగులుకు వాలిపోయినవి పోగా, చివరకు మిగిలినవి ఈ రెండే. రెండూ ఎర్రపుంజులే. రెండూ అచ్చం ఒకటే.

పుంజులు ఎదుగుతున్నాయి, దారాలు ఎదగవు కదా. ఒకనాడు చూస్తే రెండింటి కాళ్లకూ కట్లు కోసుకుపోతున్నాయి. నాకు చాలా జాలి కలిగింది, దానితోపాటు తెలివి కూడా కలిగింది. అక్కడే వచ్చింది చిక్కు. రెండింటినీ పట్టుకుని, కట్లు జాగ్రత్తగా కోసి, కొత్త పీలికలు తెచ్చేలోగా ఎటైనా పారిపోతాయేమోనని ముందుచూపుతో రెండింటినీ ఒకే గంప కింద మూశాను. గంప మీద రాయి కూడా పెట్టాను. ఇంట్లోకి పోయి ఒక ఎర్రపీలికా ఒక తెల్లపీలికా తెచ్చి, రాయి తీసి, గంప ఎత్తి, అలాగే వంగి ఉండిపోయాను. గోడ అవతల బీరతీగ సర్దుతున్న అత్త ఇదంతా మొదటినుంచీ చూస్తూనే ఉంది.

"మంచి పని జేసినవ్ అల్లుడూ, కాళ్లు కోస్కపోతుండె" అని మెచ్చుకుంది. "మరి గిండ్ల మాదేది?"

నేను రెండు పుంజుల మొహాల్లోకీ చూశాను. అవీ నా మొహంలోకి చూశాయి.

అంతే, పంచాయతీ మొదలైంది. అరుపులూ కేకలూ ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఇద్దరిలో ఒక్కరూ నన్ను తిట్టలేదు. ఇద్దరికీ ఒకే భయం. వేరే దేవుడికి ముట్టిన ముడుపును తన దేవుడి ముందు పెట్టకూడదు. "మీ అమ్మోరికి మొక్కినదాన్ని నేను గుళ్లె ఇస్తె పాదిరి అయ్యగారికి ఏం జెప్పాలె వదినె, విగ్రహార్పితమైతది" అని మా అమ్మ. "మీ దేవుని సొమ్ము మా తల్లి ముంగట పెడితె, తల్లి సుత ఊకుంటదా" అని అత్త. మీరు ఏరుకోండంటే మీరు ఏరుకోండని మర్యాదలు. మీ పండుగ ముందొస్తుంది కాబట్టి మీరే ముందని ఈమె, పుట్టించింది మీ గుడ్లు కాబట్టి మీరే ముందని ఆమె. మా నాయన కచేరీనుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, అంతా విని, "రెండు ఒక్క తల్లి పిల్లలేనాయె, ఏదైతేంది" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే తలతిప్పి చూసేసరికి ఇంట్లోకి పోయి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

నేనొక శాస్త్రీయమైన ఉపాయం చెప్పాను. పొద్దుగూకేవేళ రెండింటినీ సందులో వదిలేద్దాం, ఏది ఎవరింటికి పోతే అది వాళ్లది. అందరూ ఒప్పుకున్నారు. అత్త తన వాకిట్లో, అమ్మ మా వాకిట్లో, నేను మధ్యలో న్యాయాధికారిలా నిలబడ్డాం. రెండు పుంజులూ నన్ను చూడగానే చెదల కుండ గుర్తొచ్చి నా వెంటే పరుగెత్తుకొచ్చాయి. నేను పక్కకు జరిగితే అవీ జరిగాయి. నేను సిగ్గుతో ఇంట్లోకి పోతే నాకంటే ముందే లోపలికి పోయి గూట్లో సర్దుకున్నాయి.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. తోటివాళ్ల దగ్గర నేను మొక్కులూ గిక్కులూ అన్నీ మూఢనమ్మకాలని గట్టిగా వాదించేవాణ్ణి. కాని అత్త బిడ్డ జ్వరం తగ్గినా ఇంకా లేచి తిరగడం లేదు, నులకమంచంలో కూర్చుని మా పుంజుల్ని చూసి నవ్వేది. ఆ పిల్లను చూసినప్పుడల్లా నా వాదనలన్నీ మరిచిపోయేవాణ్ణి. మొక్కు తప్పితే, అది నా చేతి మీదుగా తప్పితే, ఆ పిల్లకు మళ్లీ ఏమన్నా అయితే? నా పరీక్ష గురించి ఆ రోజుల్లో నిజంగా అంత భయం లేదు, అది మళ్లీ పోయినా పోయేది కాగితమే. పిల్ల సంగతి అలా కాదు. అందుకని ఎవరూ చూడకుండా గూడు ముందు కూర్చుని, ఒక పుంజు రెక్క పైకెత్తి చూసేవాణ్ణి, రెండోదాని గోళ్లు చూసేవాణ్ణి, పాత కట్టు మచ్చ ఏదన్నా ఎరుపు తిరిగిందేమోనని కాళ్లు వేళ్లతో తడిమేవాణ్ణి. అవి నా మూఢత్వాన్ని సహించి కూర్చునేవి.

బోనాలు దగ్గరపడ్డాయి. అత్త గోడ దగ్గరికి వచ్చి, "నువ్వే ఏరియ్యి కొడుకా, ఇన్నొద్దులు సాకినవ్, నీ చెయ్యి అబద్ధమాడది" అంది. నా చెయ్యి గూట్లో ఒకసారి దీని మీదా ఒకసారి దాని మీదా వాలింది. కొంచెం తగవులమారిదాన్ని పట్టి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆఁ, గిదే మాది" అని ఏ అనుమానమూ లేనట్టు చంకలో పెట్టుకుపోయింది. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను.

బోనాల నాడు పొద్దున డప్పులు వినిపిస్తే సందులోకి వచ్చి నిలబడ్డాను. అత్త పసుపు పూసిన కుండ నెత్తిన పెట్టుకుని, వేపరెమ్మలతో, ఎప్పుడూ చూడనంత నిండుగా నడుస్తోంది. వెనక మామ చేతుల్లో పుంజు ఉంది. నల్లది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను, నల్లదే. ఇంతలో వాళ్ల గోడ మీద నుంచి మా తగవులమారి ఎర్రపుంజు మెడ సాచి కూసింది. సాయంత్రం అత్త వచ్చి చెప్పింది: "అనుమానమున్నదాన్ని తల్లికెట్ల ఇస్త బిడ్డా. అంగడిల కొత్తది దెచ్చిన. నువ్వు మస్తు ఫికర్ జేస్తున్నవని నీకు జెప్పలే." అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఎంత తేలికైందంటే పుంజును ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. అది నా ముక్కు మీద పొడిచింది.

కొన్నాళ్లకు అత్త బిడ్డ గోడ పట్టుకుని నడిచి మా ఇంటికే వచ్చింది. నేను పరీక్ష పాసయ్యాను (ఎంతమంది తరువాతనో అడగకండి). కోతపండుగ వచ్చింది. గుడికి అందరూ గుమ్మడికాయలూ, జొన్నకంకులూ, కోళ్లూ పట్టుకుని బయల్దేరుతుంటే, అమ్మ చేతిలో యూసుఫ్‌గూడ నుంచి తెప్పించిన పొడల పుంజు కనిపించింది. "వదినె అంత పట్టింపు వెట్టుకున్నంక, నేను తక్కువనా" అంది. కాబట్టి రెండు ఎర్రపుంజులూ అలాగే మిగిలిపోయాయి. దేవుడివైనా కావచ్చు, అమ్మవారివైనా కావచ్చు, కోయడానికి ఇద్దరికీ చేతులు రావు. అమ్మడానికి లేదు, ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఇంకెవరు సాకాలి? నౌకరీ దొరికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న తరువాత కూడా పొద్దున్నే వాటికి నూకలు చల్లి, సందులో వాటి తగవు తీర్చి, చొక్కాకు అంటిన పెంట కడుక్కుని పరుగెత్తేవాణ్ణి. కచేరీకి ఆలస్యమెందుకైందని అడిగితే ఏమని చెప్పను?

నన్ను చూడటానికి ఒక పెద్దమనిషి కూతురి సంబంధం పట్టుకుని వచ్చాడు. వాకిట్లో రెండు పుంజులు మేకల్లా బలిసి తిరుగుతున్నాయి. విస్తట్లో పప్పూ వంకాయా పడ్డాయి. ఆయన వాకిలి వైపు ఒకసారి, విస్తరి వైపు ఒకసారి చూశాడు. వీళ్లెంత పిసినారివాళ్లోనన్న మాట ఆయన నొసటి మీద రాసినట్టు కనిపించింది. సంబంధం పోయినట్టేననుకున్నాను. అమ్మ సిగ్గుపడుతూ మొదటినుంచీ కథంతా చెప్పింది, మధ్యలో గోడ దగ్గరికి అత్త కూడా వచ్చి గంప దగ్గరి ముచ్చట తానే చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వి, "గంప మీద రాయి సుత పెట్టిండా" అని రెండుసార్లు అడిగి, ఇంకో ముద్ద పప్పు వేయించుకున్నాడు. పిల్లనిచ్చాడు.

తగవులమారిది ముందు పోయింది. రెండోది చూపు తగ్గి, కూత మరిచి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా ఒళ్లోనే వాలిపోయింది. పెరట్లో గుంత తవ్వాను. అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది, అత్త చిటికెడు పసుపు వేసింది, ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా పక్కకు జరిగి చోటిచ్చుకున్నారు. నాకు దుఃఖం ఆగలేదు. పెళ్లైన మొగవాణ్ణి, సర్కారీ నౌకరుణ్ణి, కోడి కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఆ ఇద్దరు వదినెలూ లేరు, ఆ గోడా లేదు. ఎవరింట్లోనైనా నాటుకోడి కూర వడ్డిస్తే మాత్రం ముద్ద కలపబోయి ఆగుతాను. "ఇది ఎవరిది?" అని నోటిదాకా వస్తుంది. మా ఆవిడ పక్కనుంచి మెల్లగా అంటుంది: "ఎవరికీ మొక్కింది కాదు, తినుండ్రి."