గేరు రాడ్డుకు ప్లాస్టర్

మా ఆయన లారీ నేర్చుకున్నది బాపట్ల వైపు. అక్కడ ఎత్తంటే కాలవ మీద వంతెనే. ఆ వంతెన దిగేటప్పుడు కూడా గేరు న్యూట్రల్‌లోకి లాగేసి, చుక్క ఆయిలు ఖర్చు లేకుండా బండి దొర్లిపోతుంటే ఏదో లాటరీ తగిలినట్టు నవ్వేవాడు. మా వైపు లారీ వాళ్లందరికీ ఉన్న రోగమే అది. వాళ్ల గురువులు నేర్పారు, వీళ్లు తమ క్లీనర్లకు నేర్పారు. సౌదీలో జెద్దా వచ్చి, నీళ్ల ట్యాంకరు తోలినన్నాళ్లూ ప్రతి ఫ్లైఓవరు మీదా అదే పని. నేను ఎన్ని చీవాట్లు పెట్టినా దులిపేసుకునేవాడు.

నేనేమో అబహాలో, కొండ మీది ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ వార్డు నర్సుని. అబహా నుంచి కింద తిహామా మైదానంలోకి దిగే దారిని అఖబా అంటారు. సొరంగం, వంతెన, మళ్లీ సొరంగం, అన్నీ కిందికి చూసేవే. ఆ దారిలో బ్రేకులు పట్టని బళ్లవాళ్లంతా చివరికి మా వార్డుకే వచ్చేవారు. వాళ్ల బట్టలు కత్తిరించి తీసిన చేతులు నావి. దిగుడులో గేరు వదిలేస్తే బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. అందుకే న్యూట్రల్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది.

పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన జెద్దాలో, నేను అబహాలో. సెలవు దొరికితే రోజంతా బస్సులో కూర్చుని వచ్చేవాడు, మర్నాడే పోయేవాడు. ఇంతలో నితాకత్ వచ్చింది. సౌదీలు ఎంతమంది పనిచేస్తున్నారో చూసి కంపెనీలకు రంగులు వేశారు. ఈయన కంపెనీకి ఎరుపు పడింది. ఎరుపు కంపెనీలో ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. పైగా తలకింత కట్టే లెవీలు పెరిగాయని ముదీరు, వాళ్ల మేనేజరు, మనుషుల్ని వదిలించుకునే తొందరలో ఉన్నాడు. ఇఖామా గడువు తీరేలోగా పూచీ పడే యజమాని, ఇంకో కఫీల్, దొరికితే సరే, లేకపోతే ఫైనల్ ఎగ్జిట్. అప్పుడిక బస్సు ప్రయాణం కూడా ఉండదు, ఆయన ఊళ్లో, నేను ఇక్కడ.

ఆ గండంలో దొరికింది ఖాలా, పిన్నీ అన్నట్టు అందరూ అలాగే పిలుస్తారు. షుగరు పుండుకు కట్టు కట్టించుకోడానికి రోజూ నా దగ్గరకు వచ్చే పెద్దావిడ. ఆమె భర్త కారవాన్లు అద్దెకిచ్చే వ్యాపారి. పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఉన్న చక్రాల గది అనుకోండి, బండి వెనక తగిలించి లాక్కుపోతారు. చలికాలంలో అబహా జనం వెచ్చదనం కోసం సముద్రం వైపు దిగుతారు గదా, అప్పుడు వీటికి గిరాకీ. లాగే డ్రైవరు కావాలట. ఆయనది పచ్చరంగు సంస్థే, ఇఖామా మార్చుకోవచ్చు. తోటలో ఒక గది కూడా ఇస్తారట, భార్యాభర్తలు ఉండొచ్చు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

కానీ ఒక మెలిక పెట్టారు. పోయినేడు వాళ్ల పాత డ్రైవరు అఖబా దిగుతూ బ్రేకులు కాల్చేశాడు. చక్రాల్లోంచి పొగ, వాసన, ఖాలా బండిలోనే ఉంది. అప్పట్నుంచి ఆవిడ ఆ దారి దిగనని భీష్మించుకుంది. ఆవిడ భయపడకుండా కిందికి దింపినవాడికే ఉద్యోగం అని ముసలాయన తేల్చేశాడు. అంటే మా కాపురం అఖబా దిగాలి, అది కూడా ఒక పెద్దావిడ గుండె అదరకుండా.

మా ఆయన వచ్చాడు. బయల్దేరే ముందు గీర ఒకటి.

"నువ్వొస్తే రా. కిందికి దిగేదాకా నోరు తెరవకూడదు. నీ కేకలకి నాకు చెయ్యి వణుకుద్ది."

"మీరు న్యూట్రల్ వెయ్యనని చెప్పండి, నేను నోరు కుట్టేసుకుంటా."

ఆయన వెయ్యనన్నాడు. నమ్మానా? మాట మంచిదే, చెయ్యి అలవాటుపడిపోయింది గదా. అందుకే ఆయన టైర్లలో గాలి చూస్తుంటే, నేను పర్సులోంచి మెడికల్ ప్లాస్టర్ తీసి గేరు రాడ్డు తలకాయకు గట్టిగా చుట్టేశాను. చెయ్యి పడగానే గరుగ్గా తగలాలి. నా నోటికి బదులు అది. ముసలాయన ముందు సీట్లో కూర్చుంటూ దాన్ని చూసి, గేరుకేం దెబ్బ తగిలిందని అరబ్బీలో అడిగాడు. దెబ్బ తగలకుండా ముందుగా కట్టానన్నాను. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

అయితే పనిలో వంక పెట్టే మనిషి కాదాయన, చెప్పుకోవాలి. కారవాన్ వెనక మూల సర్దిన నీళ్ల డబ్బాలూ గ్యాసు బండా అన్నీ మోసుకొచ్చి చక్రాలకు కాస్త ముందుగా పెట్టాడు. వెనక బరువుంటే తోక ఊగుతుందన్నాడు. బండినీ కారవాన్‌నీ కలిపే కొక్కెం కింద గొలుసులు అడ్డంగా వేశాడు. బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో నన్ను వెనక నిలబెట్టి అడిగి తెలుసుకున్నాడు.

పైన మంచు. గోడల మీద కోతులు గుంపులుగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. దిగుడు మొదలవక ముందే ఆయన సెకండు గేరు వేశాడు. ఇంజను మూలుగుతూ బండిని వెనక్కి పట్టుకుంది. బ్రేకు కాస్త గట్టిగా తొక్కడం, వదిలెయ్యడం, చక్రాలకు చల్లారే టైమివ్వడం. ఖాలా కళ్లు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక కార్లు హారన్లు మోగిస్తున్నాయి. హారను కొడితే పగబట్టే మనిషి మా ఆయన, ఆ రోజు మాత్రం వెడల్పుగా ఉన్న చోటల్లా పక్కకు తీసి అందర్నీ పోనిచ్చాడు. ముసలాయన తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నాడు.

రెండో సొరంగం దాటి వంతెన మీదికి వచ్చామో లేదో, పక్కనుంచి ఒక పెద్ద బస్సు దూసుకుపోయింది. ఆ గాలికి కారవాన్ ఒక్కసారి అటు ఊగి, ఇటు ఊగింది. వెనకనుంచి ఎవరో మమ్మల్ని పట్టుకుని ఊపుతున్నట్టుంది. ఆయన చెయ్యి టపీమని గేరు రాడ్డు మీద పడింది. కాలు క్లచ్చు మీదికి పోవడం నేను చూశాను. ప్రభువా, అయిపోయింది అనుకున్నాను. కేక నాలుక చివరిదాకా వచ్చింది, పళ్లతో కొరికి పట్టుకున్నాను.

ఆ చెయ్యి ప్లాస్టర్ మీద ఆగింది. బొటనవేలు దాన్ని ఒకసారి తడిమింది. తర్వాత కాలు క్లచ్చు మీంచి వెనక్కి వచ్చింది, చెయ్యి స్టీరింగు మీదికి పోయింది. బ్రేకు తొక్కలేదు, స్టీరింగు తిప్పలేదు, నిటారుగా పట్టుకుని ఊరుకున్నాడు. ఊపు తగ్గింది, ఇంకా తగ్గింది, కారవాన్ బుద్ధిగా వెనక నిలబడింది. ఓరి నా మొగుడా, అని ముద్దు పెట్టుకోవాలనిపించింది. వెనక సీట్లో కూర్చుని చప్పట్లు కొట్టాలనిపించింది. నోరు మాత్రం తెరవలేదు.

అక్కణ్ణుంచి కిందిదాకా అదే గేరు, అదే మూలుగు. మంచు పోయి ఎండ వచ్చింది, స్వెట్టర్లో ఉక్కపోసింది. మైదానంలో పెట్రోలు బంకు దగ్గర ఆయన బండి ఆపాడు.

ముసలాయన దిగి సరాసరి కారవాన్ చక్రం దగ్గరకు వెళ్లాడు. వంగి, మా నర్సులం పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు, అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమని తీసేస్తాడని చూశాను. తియ్యలేదు. అటువైపు చక్రానికీ ఆనించాడు. ఆ తర్వాత నా కిటికీ దగ్గరకు వచ్చి లోపలికి తొంగి చూశాడు.

ఖాలా నా భుజం మీద తలవాల్చి నిద్రపోతోంది. సన్నగా గురక కూడా. ఎప్పుడు పడుకుందో నాకే తెలియదు, నా భుజం మాత్రం తిమ్మిరెక్కి చాలాసేపయింది. ముసలాయన అద్దం మీద కొట్టాడు. ఆవిడ ఉలిక్కిపడి లేచి, ముసుగు సర్దుకుని, అఖబా ఇంకా మొదలవలేదా అని అడిగింది.

ముసలాయన నవ్వు ఆపుకోలేక బండి తలుపు పట్టుకున్నాడు. నవ్వుతూనే మా ఆయన వైపు తిరిగి, ఆదివారం పాస్‌పోర్టు పట్టుకు రమ్మన్నాడు, ఇఖామా తన పేరు మీదికి మార్పిస్తానన్నాడు. గదికి సున్నం వేయించాలా అని నన్ను అడిగాడు.

మా ఆయన దిగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది.

"దిగాం గదే. ఇంక మాట్లాడు."

ఊళ్లో నా అంత నోరు ఎవరికీ లేదని పేరు. అలాంటిదాన్ని, పెట్రోలు బంకులో అందరూ చూస్తుండగా ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చేశాను.