స్లాబు గళ్ళ బొంత

పోయినవి లెక్క వేస్తే ఇన్ని. సూదులు రెండు. సంచులు కుట్టే నైలాన్ దారం రీలు ఒకటి. కుట్టడానికి నాలుగు రోజులు, కుట్టింది విప్పడానికి ఏడు, మొత్తం పదకొండు. మమ్మల్ని కన్న అవ్వ కట్టిన పచ్చ చీర ఒకటి. పూర్తిగా కాదు, మూడింట రెండు వంతులు. సూదులూ దారమూ బజారులో దొరుకుతాయి. రోజులు ఎలాగూ పోయేవే. చీర దగ్గరే నా లెక్క తెగడం లేదు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత మేస్త్రీల వెంట తిరిగి లెక్కలు నేర్చుకున్నాను. ఇంటి కొలతలు చెబితే ఇటుకలెన్ని, సిమెంటు బస్తాలెన్ని, స్లాబుకు ఇనుప సలాక ఎంత పడుతుందో కాగితం లేకుండా చెబుతాను. కామారెడ్డిలో నాకా పేరుంది.

మా అక్క ఎల్లారెడ్డిలో ఉంటుంది. ఏటా చలికి ముందు పాత చీరలు పొరలుగా పరిచి చేత్తో బొంత కుట్టేది. నిరుడు జారిపడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ సూది పట్టుకుంటే వేళ్ళు నిలవడం లేదు. తనకంటూ ఒక బొంత కుట్టుకోవాలని అవ్వ పోయాక దాచుకున్న ఆమె నూలు చీరలు మూడూ పెట్టెలోనే ఉండిపోయాయి.

"మా ఇంట్ల మిషన్ ఉన్నది గదా, నేను కుడ్త" అన్నాను.

"నువ్వా తమ్మీ? గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునేటోనివి."

"కొలత తప్పదు అక్కా."

"కొలత సరే. చీరలు పైలం. ఇవి మూడే ఉన్నయి."

ఆ 'మూడే' అన్న మాట కామారెడ్డి దాకా నాతో వచ్చింది. బస్సులో సంచీ ఒళ్ళోంచి దించలేదు.

ఒక్కో చీర పన్నెండు మూరలు. నాలుగేసి మూరలకు కత్తిరిస్తే ఒక్కో చీరకు మూడు పొరలు. ముందు ఒక్కో చీర పొరలు విడిగా కుట్టి, తర్వాత అన్నీ కలపాలనుకున్నాను. పచ్చ చీరతో మొదలుపెట్టాను.

ఇక కుట్టు ఏ నమూనా, ఏ దారం అన్నది తేలాలి. ఫోనులో చూస్తే పూలు, తీగలు, నెమలి ఈకలు తిప్పి తిప్పి కుడుతున్నారు. నా చేయి అలా తిరగదు. నాకు తెలిసింది గీత. స్లాబుకు సలాక కట్టినట్టు అటూ ఇటూ గళ్ళు గీశాను. సలాక ఎంత దగ్గరైతే స్లాబు అంత గట్టి. అందుకని గీతకూ గీతకూ మధ్య అరంగుళమే వదిలాను. కుట్టు కూడా చిన్నదే పెట్టాను. దారం అన్నిటికంటే గట్టిది ఇమ్మని దుకాణంలో అడిగాను.

"ఏం కుడుతవ్ కాకా?" అన్నాడు దుకాణం అతను.

"బొంత."

"బొంతకు గీ నైలానా? లారీ మీద కప్పుతవా ఏంది?"

"పదేండ్లు ఆగాలె."

"దారమైతే ఆగుతది" అన్నాడు. రీలు సంచీలో వేసుకుని వచ్చేశాను.

"జర పాత గుడ్డ మీద కుట్టి సూడరాదూ" అంది నా భార్య. మిషన్ ఆమెది. లెక్క సరిగ్గానే ఉందన్నాను.

పద్నాలుగో నంబరు సూది విరిగింది. పదహారూ విరిగింది. పద్దెనిమిది లావుగా ఉండి నిలిచింది. నాలుగో రోజుకు మూడింట రెండు వంతులు కుట్టాను. గుడ్డ అట్టలా బిగుసుకుంది; అదే గట్టితనం అనుకున్నాను. మడుద్దామని రెండు చేతులా లాగాను. పుస్తకంలోంచి రసీదు చించినట్టు గీత వెంబడి చిరిగింది. ఇంకోచోట పట్టుకున్నాను. అక్కడా అంతే. దారం మాత్రం ఒక్క పోగు తెగలేదు.

కూర్చోలేకపోయాను. గేటు దాకా వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ఏళ్ళ తరబడి ఉతికిన చీర అది. అన్నన్ని కన్నాలు పొడిచి, గుడ్డకంటే గట్టి దారం బిగిస్తే కోసేస్తుంది. తెగాల్సి వస్తే దారమే తెగాలి. దారాన్ని మళ్ళీ వేసుకోవచ్చు.

ఏడు రోజులు బ్లేడుతో కుట్లు విప్పాను. కన్నాలు పూడతాయేమోనని తడిపి ఆరేశాను. పూడలేదు. మూడు ముక్కల్లో కుట్టుపడని చివరలు కలిపితే నాలుగు మూరలు తేలింది.

మిగతా రెండు చీరలు ముట్టుకునే ముందు పాత లుంగీ మీద కుట్టి చూశాను. మామూలు నూలు దారం, పొడుగు కుట్టు, నాలుగు వేళ్ళ ఎడంతో ఒకే వైపు గీతలు. మెత్తగా వచ్చింది. ఆరు పొరలూ ఒకేసారి మిషన్ కింద పట్టాయి. చుట్టూ పచ్చ గుడ్డ అంచు వేశాను.

బస్సు లింగంపేట దాటేసరికి అక్కకు ఎలా చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను. ఏదీ పనికి రాలేదు. ఆమె బొంత ఒళ్ళో పరుచుకుని బాగున్న చేత్తో నిమిరింది. అంచు దగ్గర చేయి ఆగింది.

"పచ్చది గింతేనా?"

"నాలుగు మూరలు."

"నేనిచ్చింది?"

"పన్నెండు."

సలాక గళ్ళు, నైలాన్ దారం, అంతా చెప్పాను.

"బొంత కుట్టుమంటే స్లాబు పోసినవా తమ్మీ" అంది. నవ్వలేదు.

"గదే పచ్చ కొత్తది తెస్త అక్కా."

"కొత్తది నాకెందుకు? ఆ చింకులు ఏవి, పారేసినవా?"

"ఉన్నయి."

"తే. చింకులైనా అవ్వయే గదా."

ఇంకా తీసుకెళ్ళలేదు. ఆ కన్నాలతో ఆమె చేతిలో పెట్టలేను. కింద పలుచటి గుడ్డ వేసి అతకడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి లుంగీ మీదనే. ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడల్లా మంచం మీద కూర్చోగానే అక్క అడుగుతుంది.

"నాకింక ఎంత బాకీ ఉన్నది లెక్కలాయనా?"

"ఎనిమిది మూరలు" అంటాను.