క్లేర్ దాటాక ఒక పాలరాతి అబద్ధం

మోకాళ్ళు అరిగి మా బావమరిది వెంకట్రావు గోదాములో మూటలు మోసే పని మానేశాడు. తెనాలిలో ఉన్నప్పుడు ఇనప తలుపుల మీద టేకు చారలు వేసిన పెయింటరు. ఇక్కడ క్లేర్ ఊరు దాటాక ఓ పల్లె చర్చిలో స్తంభాల రంగు ఊడిపోతోందని తెలిసి, కిందటి వారం వెళ్ళి ఒకచోట జానెడు మేర పాలరాతి చారల నమూనా వేసొచ్చాడు. శనివారం చూసి చెబుతామన్నారు. నచ్చితే ఆరు నెలల పని. నచ్చకపోతే స్తంభాలన్నిటికీ తెల్లరంగు కొట్టేస్తారట. కారు నాది కాబట్టి నేనూ బయల్దేరాను.

ఏడున్నరకు మేముండే మాసన్ లేక్స్ నుంచి మెయిన్ నార్త్ రోడ్డు పట్టుకుంటే, మధ్యలో కాఫీకి ఆగినా పదింటికి చేరిపోవచ్చు. పెట్రోలు రానూపోనూ యాభై డాలర్లు. ఎప్పుడో ఆస్ట్రియా నుంచి ఈ దేశానికి వలస వచ్చినవాళ్ళు, నగిషీలు దట్టించిన తమ ఊరి బరోక్ చర్చిని తలుచుకుని ఈ చర్చి కట్టుకున్నారట. ముఖభాగం అలల్లా వంపులు తిరిగి ఉంటుంది. లోపల మెలితిరిగిన స్తంభాలు, బంగారు పూత పూసిన బొద్దు దేవదూతలు, కప్పు నిండా రంగుల మబ్బులు. అలవాటుగా చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఓ స్తంభం మీద చెయ్యేశాను.

“ఇది రంగేమిటిరా, ఇటలీ పాలరాయే! ఎంత చల్లగా ఉందో!”

“చల్లగా ఉందా? అది చెక్క బావా. రంగూ, చారలు గీసే కోడి ఈకా, అంతే.”

చర్చి తాళాలూ మరమ్మతులూ చూసుకునే మరియా డెబ్బై దాటిన పెద్దావిడ. కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, “మీరు వేసింది ఏది?” అంది. వెంకట్రావు నోరు తెరిచేలోగా నేను మూడో స్తంభం చూపించాను. ఆవిడ వంగి చూసి పెదవి విరిచింది.

“చారలు మొద్దుగా ఉన్నాయి. పాతవాళ్ళ చెయ్యి వేరు.”

వెంకట్రావు మొహం సున్నం కొట్టిన గోడ అయింది.

“ఆంటీ, అది పాతవాళ్ళ చెయ్యే. మావాడిది ఎక్కడుందో మీరే వెతకండి,” అన్నాను.

ఎనిమిది స్తంభాలూ రెండుసార్లు తిరిగింది. దొరకలేదు. నవ్వలేదు కూడా. వెంకట్రావుతో, “సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్. ఇతన్ని మాత్రం తీసుకురావద్దు,” అంది.

“పని పోయుంటే నిన్ను డిక్కీలో పడేసి తీసుకెళ్ళేవాణ్ణి బావా!” అన్నాడు వాడు కారెక్కాక.

నేను ఆటపట్టించినవాళ్ళు రెండు నిమిషాల్లో తేరుకుని తిడతారు. చెక్కను రాయని నమ్మించిన ఆ పనివాళ్ళ ముందు మాత్రం ఊరు తరాలుగా మోకరిల్లుతోంది. పాలరాయి కొనే స్తోమత లేకపోతేనేం, వాళ్ళ చేతిలో పనితనం ఉంది.

శనివారాలు పది నుంచి పన్నెండు దాకే తలుపు తీస్తారు. వెళితే వెంకట్రావు నమూనా ఎక్కడుందని మరియాను అడగకండి. ఆవిడకి వాడు ఇంకా చెప్పలేదు.