గిన్కమ్మ కొన్న ఆరు బస్తాలు

స్లివెన్ ఊళ్ళో ఆ అపార్ట్‌మెంటు వాళ్ళకు రాబోయే రోజులు ఎలా ఉంటాయో తెలియాలంటే పేపరు అక్కర్లేదు. మూడో అంతస్తు గిన్కమ్మ ఆ యేడు ఎన్ని బుంగమిరపకాయలు కొందో చూస్తే చాలు. వెనకటికి ఒక చలికాలం బ్యాంకులు మూతబడి, పొద్దున అందిన జీతం సాయంత్రానికి చిత్తుకాగితమైపోతే, కాల్చిన మిరప పచ్చడి సీసాలతో కడుపు నింపుకున్నది ఆమె ఒక్కతే. అప్పటినుంచి ఆమె బస్తాలే వాళ్ళకు పంచాంగం.

ఈ సెప్టెంబరులో ఆమె ఏకంగా ఆరు బస్తాలు దింపించింది. కాయలమ్మే అతని వ్యాను సంతలోనే చెడిపోవడంతో, సరుకు సగం ధరకు వదిలించుకున్నాడు. అంతకుమించి ఏమీ లేదు.

మెట్ల మీద పక్కింటి త్సొంక ఎదురై నోరు తెరిచింది. "ఆరా? జర్మనీవాళ్ళు మన కార్ల వైర్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నారా, అక్కా?"

"నాకేం తెలుసే? జర్మనీవాళ్ళు నన్నడిగి కార్లు చేస్తారా?"

"అంటే చెప్పకూడదన్నమాట," అంది త్సొంక, గొంతు తగ్గించి.

వారం తిరిగేసరికి సంతలో మిరపకాయ కరువైంది. ప్రతి బాల్కనీలోనూ కాల్చిన వాసనే. ఇంటింటా ఖర్చులు బిగించారు, మొట్టమొదట జుట్టు ఖర్చు. కింది అంతస్తులో గిన్కమ్మ కూతురు మిగ్లెన నడిపే సెలూన్లో కుర్చీలు బోసిపోయాయి.

"జర్మనీవాళ్ళు ఒక్క ఆర్డరూ తగ్గించలేదమ్మా," అంది మిగ్లెన. "నన్ను ముంచింది నీ మిరపకాయలే. ఇలాగే ఉంటే నెలాఖరుకు తాళం వేసేస్తా."

గిన్కమ్మకు మనసు చివుక్కుమంది. వాకిట్లో నిలబడి వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది, చవగ్గా దొరికితే కొన్నానమ్మా, భయపడకండి అని.

"బ్యాంకులు మూతబడే ముందు సర్కారూ ఇదే మాట చెప్పింది," అంది త్సొంక. ఆ సాయంత్రం ఆమె ఇంకో బస్తా కొంది.

నిజం చెబితే నమ్మరని తేలిపోయింది. మర్నాడు గిన్కమ్మ సెలూన్ అద్దాల కిటికీ పక్కనే కూర్చుని, మొగుడు పోయాక ఇన్నేళ్ళూ రుమాలు కింద దాచుకున్న తెల్లజుట్టుకు నిగనిగలాడే వంకాయ రంగు వేయించుకుంది. చేతిలో డబ్బు ఆడుతోందని జనం చూడాలని ఆమె ఆశ.

జనం చూశారు. త్సొంక చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఎవరక్కా ఆయన?"

"ఏ ఆయనే?"

"ఈ వయసులో రంగు ఊరికే వేయించుకుంటారా? మాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావు?"

గిన్కమ్మకు చెడ్డ కోపం వచ్చింది. ఎడాపెడా తిట్టబోయి, త్సొంక వెనక గుమ్మంలో తొంగిచూస్తున్న నలుగురినీ, చేతిలో దువ్వెన ఆపేసిన కూతురినీ చూసి ఆగిపోయింది.

"నిలబడి వినే కథ కాదే," అంది నెమ్మదిగా. "కూర్చో. మిగ్లెనా, పిన్ని జుట్టు తడుపు."

ఆ వారమంతా కుర్చీ ఖాళీ లేదు. కత్తిరింపుకు వచ్చినవాళ్ళకు ఆయన మీసం గురించి చెప్పింది. రంగుకు వచ్చినవాళ్ళకు ద్రాక్షతోట గురించి చెప్పింది. పేరు మాత్రం, జుట్టు రింగులు తిప్పించుకునేవాళ్ళకేనంది.