వ్రతం బిళ్ల

కెజియాకు ఒక పాడు అలవాటుంది. ఎవరైనా "ఏమీ లేదు" అంటే నమ్మదు. కూర బాగుందన్నా "నిజంగనే?" అని మూడుసార్లు అడుగుతుందని తల్లి కృపమ్మ విసుక్కుంటుంది. ఆ అలవాటుకు మూలం ఆ తల్లే. కడుపునొప్పని వెళ్తే, ఇరవై ఎనిమిదేళ్లకే ఆమె గర్భసంచి తీసేశారు.

కెజియా రోజూ హఫీజ్‌పేట్‌లో రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, రాయదుర్గంలో ఉన్న ఆసుపత్రికి వెళ్తుంది. నర్సే గానీ అక్కడ ఆమె పని సూది గుచ్చడం కాదు, అడగడం. గర్భసంచిలో గడ్డలుంటే ఆపరేషన్ లేకుండా మందుతో తగ్గించవచ్చా అని డాక్టర్ తేజస్విని పరిశోధన చేస్తోంది. నలభై మంది చేరారు. నెలసరి ఎంతవుతోందో లెక్క రాయడానికి నెలకో కార్డు ఇస్తారు. దాని మీద మూడు ప్యాడ్ల బొమ్మలు: కాస్త తడిసింది, సగం తడిసింది, పూర్తిగా తడిసింది. ఏ వారం ఎన్ని మార్చుకుంటే ఆ వారం గడిలో అన్ని గీతలు గీయాలి. మూడో నెలకు గీతలు తగ్గకపోతే మందు పనిచేయనట్టే, ఇక గర్భసంచి తీసేయాల్సిందే.

కనకలక్ష్మి కార్డు అలాగే వచ్చింది. నార్సింగిలో కాపురం, సొంతూరు తణుకు, ఐటీ ఆఫీసులో టెస్టింగ్ లీడ్. జూన్‌లో అరవై గీతలు, జులైలో ముప్పై అయిదు, ఆగస్టులో ఏకంగా తొంభై! సోమవారం ఆపరేషన్ అని డాక్టర్ రాసేసింది.

"మా అక్కలిద్దరికీ తీసేశారండి. నలభై రాకుండానే నడుములు పట్టుకుని మూల కూర్చున్నారు. నాది నాకు ఉండనివ్వండి సిస్టర్," అని కనకలక్ష్మి కెజియా చేతులు పట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఆగస్టు కార్డులన్నీ బల్ల మీద పరిచింది. పదకొండు కార్డులు ఒకే అచ్చు! మూడు వారాలు ఒక్క గీత లేదు, నాలుగో వారం గీతలే గీతలు. పేర్లు చూసింది. లక్ష్ములు, దుర్గలు, గౌరులు. మేరీల, సలోమీల, ఫాతిమాల కార్డుల్లో మాత్రం గీతలు జూన్, జులైల కన్నా బుద్ధిగా తగ్గాయి.

గోడమీది క్యాలెండర్‌ దగ్గరికి ఒక్క గెంతు గెంతి ఆగస్టు పేజీ తిప్పింది. శ్రావణ శుక్రవారాలు!

"అక్కా, ఆగస్టుల వేరే మందేమన్న వేసుకున్నరా?" అని కనకలక్ష్మికి ఫోన్ చేసి అడిగింది.

"లేదండీ. అప్పుడే చెప్పానుగా."

"వరలక్ష్మీ వ్రతం అప్పుడు?"

"వ్రతానికి అడ్డం రాకూడదని బిళ్లలు వేసుకున్నానండి. ఏటా వేసుకునేవే. అయినా అది మందెలా అవుతుందండీ, అమ్మవారి కోసం కదా!"

కెజియాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసులో అందరి తప్పులూ పట్టే మనిషి! బిళ్లలు నెలసరిని ఆపి ఉంచుతాయి, మానేయగానే అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. మిగతా పదిమందికీ ఫోన్ చేసింది. ఒకావిడ ఎత్తలేదు, తొమ్మిదిమందిదీ అదే మాట. లిఫ్టు కోసం ఆగే ఓపిక ఎక్కడిది? కార్డులు గుండెకు హత్తుకుని నాలుగంతస్తులూ మెట్లమీదే పరుగెత్తింది.

"మేడమ్! మందుది కాదు తప్పు, వ్రతం బిళ్లలది!"

తేజస్విని కార్డులన్నీ తిరగేసింది. "సోమవారం ఆపరేషన్ ఆపు. ఈ ప్రశ్న మన ఫారంలో ఎందుకు లేదు కెజియా?"

"నాకు తట్టలే మేడమ్. మా ఇంట్ల వ్రతాలుండయి."

"మా ఇంట్లో ఉంటాయి. నేనూ వేసుకుంటాను. నాకూ తట్టలేదు చూడు!" డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది.

కనకలక్ష్మికి మరో రెండు నెలలు గడువిచ్చారు. దసరాకు ఆవిడ బిళ్ల ముట్టలేదు, పూజ కూతురు రసజ్ఞ చేసింది. నవంబరులో కార్డును పెళ్లి శుభలేఖలా రెండు చేతులా పట్టుకొచ్చింది. పన్నెండు గీతలు! తేజస్విని ఆపరేషన్ కాగితం చింపేసింది. కనకలక్ష్మి కెజియాను కావలించుకుని వదల్లేదు.

ఆ సాయంత్రం కెజియా చెప్పులు విప్పకుండానే తల్లికి కథంతా చెప్పింది. కృపమ్మ గోంగూర తుంచుతున్న చేతులు ఆగిపోయాయి.

"నన్ను ఏమడగలే బిడ్డా. పండుకొమ్మన్నరు, గంతే."

కెజియా తల్లి పక్కన కూలబడింది. కృపమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ గోంగూర అందుకుంది.

"అందరిని మూడుసార్లు అడుగు," అంది. "నేనింక విసుక్కోను."