లోర్నా లెక్కలో మరచిన చలి

చలికాలం ఇంజన్లు కూడా గడ్డకట్టే ఎడ్మంటన్‌ ఊళ్లో లోర్నా హ్రిన్‌చుక్ ఉద్యోగం, గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో కంప్యూటరులో ముందే చూసి చెప్పడం. ఆ చలికాలం ఆమె చేతిలో ఉన్నది ఒక వృద్ధాశ్రమాన్ని వెచ్చబెట్టే గొట్టాల పని. ఆమె నాయనమ్మ ఉండేది అక్కడే. అందుకే తిండి సయించడం లేదు.

చిక్కటి ద్రవం పొరలు పొరలుగా, మర్యాదగా జారుతుంది. అది లామినార్. పలచబడి పరుగు పెడితే సుళ్లు తిరుగుతుంది. అది టర్బులెంట్. సుళ్లుంటేనే వేడి గొట్టం గోడకు తగిలి గదికి అందుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంచాలో కంప్యూటరుకు మనిషే చెప్పాలి. కంప్యూటరుకు సిగ్గులేదు, తప్పు చెప్పినా అంతే అందంగా రంగులద్ది చూపిస్తుంది. లోర్నా టర్బులెంట్ అంది. బొమ్మలో గదులన్నీ వెచ్చదనానికి గుర్తుగా ఎర్రగా వెలిగాయి. ఆమె గుబులు మాత్రం తగ్గలేదు.

"ఎర్రగా ఉందిగా, ఇంకేం కావాలి నీకు? పంపించేద్దాం" అన్నాడు పై అధికారి గార్త్.

"రేపిస్తాను. ఇంకోసారి చూసుకోనివ్వండి."

"పెళ్లిపీటల మీద కూడా ఇలాగే అన్నావా ఏంటి?"

మర్నాడు ఆమె కారు కదల్లేదు. ఇంజను వెచ్చగా ఉండేందుకు కరెంటు తీగ తగిలించడం మరచిపోయింది. ఆ ఊళ్లో అంతకంటే తలవంపు లేదు. ఎదురింటి ఒలేనా చేతులు కట్టుకుని నిలబడింది.

"చమురు బిగుసుకుపోయిందే, ఎందుకు దాన్ని హింసిస్తావు? వేడెక్కితేగా పరుగెత్తేది."

లోర్నా చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. ఆశ్రమం గొట్టాల్లో పోసేది గ్లైకాల్, చలికి గడ్డకట్టదు గానీ చిక్కబడే ద్రవం. బాగా కాగాక అదెంత పలచగా ఉంటుందో అదే లెక్కలో పెట్టింది. కరెంటు పోయి చల్లారాక మళ్లీ మొదలుపెడితే?

బస్సెక్కి ఆఫీసుకు పోయి, కోటు కూడా విప్పకుండా చల్లటి గ్లైకాల్‌తో లెక్క వేసింది. ఈసారి అది లామినార్. గొట్టం నడుమ సన్నటి ఎర్ర చార, చుట్టూ నీలం. గదులన్నీ నీలం.

"నిన్న ఎర్రగా ఉందిగా" అన్నాడు గార్త్.

"నిన్న వేడెక్కిన గ్లైకాల్ గురించే అడిగాం. గ్లైకాల్ తొట్టికి ముందే వెచ్చబెట్టే ఏర్పాటు ఉండాలి, దానికో జనరేటరు కూడా."

"ఆశ్రమం వాళ్లకి నువ్వే చెప్పుకో మరి."

చెప్పుకుంది. వాళ్లు సణుగుతూనే పెట్టించారు.

మరుసటి చలికాలం ఆశ్రమం వైపు కరెంటు పోయిందని తెలియగానే లోర్నా ఫోను చేసింది.

"నాయనమ్మా, వేడి వస్తోందా?"

"ఇప్పుడిప్పుడే వస్తోంది. నీ కారుకి తీగ తగిలించావా?"

"తగిలించాను."

ఫోను పెట్టేసి, కోటు తొడుక్కుని, తీగ నిజంగా తగిలించిందో లేదో చూసి రావడానికి బయటికి వెళ్లింది.